చిలకల వెనక తాంబాళం

మా అవ్వ ఒక్క చిలకను కూడా ఎప్పుడూ కొట్టలేదు. చిలకల వెనకున్న బండను కొట్టేది.

పరిగి దగ్గర మా ఊళ్ళో మాకు దిన్నె చేను అని ఒకటి ఉంది. ఒక కొసన మంచె. ఇంకో కొసన గట్టు, గట్టు మీద నాలుగైదు తుమ్మచెట్లు, వాటి కింద ఒక బండ. జొన్న కంకులు పాలుపోసుకునే రోజులు వస్తే అవ్వ మంచె ఎక్కి వడిసెల తిప్పేది. వడిసెల అంటే రెండు తాళ్ళ మధ్యన రాయి పట్టేంత చిన్న వల, అంతే. తల చుట్టూ తిప్పి ఒక తాడు వదిలితే రాయి చేను మీదుగా పోయి ఆ బండకు ఠప్పున తగిలేది. కంకుల మీదున్న చిలకలు లేచి, మా మంచె మీదుగానే చేను దాటి వెళ్ళిపోయేవి.

"మనిషి అరిస్తే అవి పొయ్యి తుమ్మచెట్లల్లో కూచ్చుంటాయి మే. నోరు నొప్పెట్టి నువ్వు గమ్మునుంటే మళ్ళా వస్తాయి" అని నాకు చెప్పేది. "అదే తుమ్మచెట్ల కాడనే శబ్దమైతే వాటికి దాంకునేదానికి చోటుండదు. శబ్దం వాటి వెనక కావల్ల, మన కాడ కాదు."

పొరపాటున చిలకకు రాయి తగులుతుందేమోనని ఆమె భయం. చేలోకి వచ్చిన పిట్ట ఆకలికి వచ్చింది, దాన్ని వెళ్ళగొట్టవచ్చు గానీ నెత్తురు చూడకూడదు అనేది. కోతల రోజున కూడా గట్టు పక్క మూల కొన్ని కంకులు కోయకుండా వదిలేసేది. అవి చిలకల పాలు. ఇంట్లో ఎవరికీ ఆ మూలలో కొడవలి పెట్టే ధైర్యం లేదు.

అలాంటి అవ్వకు ఒక ఏడు భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేస్తుంది, ఆ పైకి లేవదు. హిందూపురంలో డాక్టరు సూది వేశాడు, మేము నూనెలు రాశాము, భుజం మాత్రం మా మాట వినలేదు. ఆ ఏడు ఇంటిల్లిపాదీ వంతులవారీగా మంచె ఎక్కి అరిచాము. గట్టు మీద డబ్బా కట్టి మంచె నుంచి తాడుతో లాగి మోగిస్తే, ఆ తాడు గాలికి ఊగి కంకులనే విరిచేసింది. చిలకలు తుమ్మచెట్ల మీద కూర్చుని మా అరుపులు విని, మేము నీళ్ళు తాగేటప్పుడు తీరిగ్గా దిగేవి. సగం చేను వాటికే పోయింది.

మా నాయనకు ఇది మంచి సాకు దొరికింది. ఆయన మల్బరీ మనిషి. మిగతా పొలమంతా మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపి, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేస్తాడు. ఆ పచ్చటి తోట పక్కన ఈ జొన్న చేను ఆయన కంట్లో నలుసు. ఒకరోజు భోజనాల దగ్గర తేల్చేశాడు.

"అమ్మా, వచ్చే పంట ఒక్కటి చూస్తా. మనింట్లో నీలం డ్రమ్ము ఉండాది కదా, అది జొన్నలతో అంచుదాకా నిండితే చేను నీది. నిండకపోతే దున్నేసి మల్బరీ నాటేది. ఇంక దాని గురించి నన్ను అడగొద్దు."

అవ్వకు జొన్నరొట్టె తినని పూట భోజనం చేసిన పూట కాదు. కొన్న జొన్నలతో రొట్టె చేస్తే ఒక ముక్క తుంచి "ఇది యాడిదో" అని పక్కన పెట్టేస్తుంది. పైగా ఆ చేను ఆమె కొత్త కోడలుగా వచ్చినప్పుడు రాళ్ళ దిన్నె. ఒక్కొక్క రాయీ ఏరి దాన్ని చేను చేసింది ఆమే. ఆ రోజంతా చాటలో జొన్నలు చెరుగుతూ కూర్చుంది. చెరగడానికి అందులో ఏమీ లేదు, అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడం పెద్ద విశేషమేమీ కాదు, మా ఇంట్లో పాలు పొంగడం కంటే ఎక్కువసార్లు అది పొంగుతుంది. "డ్రమ్ము నేను నింపిస్తా చూడు నాయనా" అనేశాను. ఎలా నింపించాలో తెలియకముందే అనేశాను.

నేను ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాను, క్వాలిటీ చెకింగ్‌లో. తలుపుకూ బాడీకీ మధ్య సందు వెంట్రుకంత ఎక్కువైనా పట్టుకోవడమే నా ఉద్యోగం. దారిలోనే పెనుకొండ. అక్కడ మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బస్టాండు దగ్గర టీ అంగడి నడుపుతాడు. అంతకుముందు చాలా ఏళ్ళు జాతరలు తిరిగి బెలూన్ల అంగడి పెట్టేవాడు. బోర్డు నిండా రంగు బెలూన్లు, ముందర బల్ల, బల్ల మీద గాలి తుపాకి. డబ్బులిచ్చి కాల్చాలి, బెలూను పగిలితే బహుమతి. మోకాళ్ళు అరిగాక జాతరలు మానేసి టీ పెట్టుకున్నాడు. ఒకరోజు టీ తాగుతూ తలెత్తితే అటక మీద పాత చీరలో చుట్టి ఆ తుపాకి కనిపించింది. అవ్వ చెయ్యి చేరలేని చోటికి చేరేది ఇదే అనిపించింది.

"ఏం కోడలా, చిలకలను కాలుస్తావా? మీ అవ్వ నిన్ను గడప తొక్కనిస్తాదా?" అన్నాడు మామ.

"చిలకలను కాదు మామా. తుమ్మచెట్టుకు తాంబాళం కట్టి, తాంబాళాన్ని కొడతా. అది మోగితే చిలకలు పోతాయి."

మామ నవ్వి నవ్వి చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. "ఈ తుపాకితో ఎదురుగుండే బెలూను పగలగొట్టినోళ్ళే తక్కువ. నువ్వు చేను ఆ కొసనుండే తాంబాళం కొడతావా? కొట్టు, కొట్టు. నేను కూడా వచ్చి చూస్తా."

నవ్వాడు గానీ ఇచ్చేటప్పుడు మాత్రం రెండు చేతులతో ఇచ్చాడు. ఏ దసరాకూ, ఏ జాతర మొదలుకూ దానికి పూజ తప్పించలేదట. కడుపు నింపిన తుపాకి కాబట్టి జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

ఇంటికి తెచ్చి తుపాకిని మా ఫ్యాక్టరీ పద్ధతిలోనే శుభ్రం చేశాను. దుమ్ము దులిపి, కట్టె భాగానికి నూనె రాసి, మరలు బిగించాను. అది మధ్యకు విరిచి గుండు పెట్టే రకం. విరిస్తే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, మూసి మీట నొక్కితే గాలి గుండును తోస్తుంది. లైసెన్సు అక్కర్లేదు. గొట్టం మూతి చుట్టూ గంధం, కుంకుమ ఎండిపోయి ముదురు ఎరుపు ఉంగరంలా ఉంది. అంతా తుడిచాను గానీ దాని జోలికి పోలేదు. పెట్టిన బొట్టు ఎవరైనా తుడుస్తారా?

తాంబాళం అవ్వే ఇచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి తాంబాళం. "మోగల్లంటే ఇత్తడే మోగల్ల, స్టీలు ఏం మోగుతాది" అని దాన్ని చింతపండుతో తోమి మరీ ఇచ్చింది. అంచుకు బెజ్జం వేసి తుమ్మకొమ్మకు కట్టాను. చేలో జొన్న అప్పటికి నడుము ఎత్తే ఉంది, కంకి రావడానికి ఇంకా సమయం ఉంది. మంచె ఎక్కి, కట్టెకు ఆనించి, ఊపిరి బిగబట్టి కొట్టాను. ఫట్ మని తుపాకి మోగింది. తాంబాళం మోగలేదు.

మళ్ళీ కొట్టాను. మోగలేదు. మామ ఇచ్చిన పాత డబ్బాలో గుండ్లు అడుగంటేదాకా కొట్టినా తాంబాళం అంచుకు ఒకటో రెండో తగిలాయి. కింద కూర్చున్న అవ్వ చేను వైపే చూస్తూ "గాలికి పోయినట్లుండాది మే" అని నన్ను ఓదార్చింది. ఆ రోజు గాలి లేదు.

తప్పు గుండ్లదే అని తేల్చుకున్నాను. అవి సీసపు గుండ్లు, మినపగింజంత ఉంటాయి, నడుము సన్నగా, వెనక భాగం పరికిణీలా విచ్చుకుని. మామ డబ్బాలోవి తెల్లగా బూజు పట్టి, సగం పరికిణీలు నలిగి ఉన్నాయి. వాటితో తాంబాళం ఏం తగులుతుంది? ఆదివారం హిందూపురం వెళ్ళాను. బజారులో ఆటసామాన్ల అంగడిలో కళ్ళజోడు పెద్దాయన ఒకరు ఉంటారు. ఆయన నా ముందు మూడు రకాల డబ్బాలు పెట్టాడు. ఒకటి మొన తేలింది, ఒకటి గుండ్రటి తల, ఒకటి బల్లపరుపు తల. చూడగానే నాకు మొన తేలినవే నచ్చాయి, వాటి ముఖంలోనే పౌరుషం ఉంది.

"మొన చూసి తీసుకోవద్దమ్మా" అన్నాడు ఆయన. "ఒక్కో తుపాకికి ఒక్కోటి సరిపోతాది. దుడ్లు ఊరికే యాల పారేసుకునేది, మూడూ కొంచెం కొంచెం తీసుకోని పొయ్యి కొట్టి చూడు. యాది ఒకే చోట పడితే అదే దానిది."

నేను మొన తేలినవే ఒక డబ్బా నిండా తీసుకున్నాను. మిగతావి ఆయన మాట తీసేయలేక కొంచెం తీసుకున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటూ వచ్చాను. కొత్త గాజులు కొనుక్కున్నప్పుడు కూడా నేను అంత మురిసిపోలేదు.

పాత క్యాలెండరు కాగితాలు అట్టకు అంటించి, మధ్యన అవ్వ బొట్టు బిళ్ళ అతికించి, సగం దూరంలో పాతాను. ఒక్కో రకం విడివిడిగా కొట్టి చూశాను. పౌరుషం గుండ్లు కాగితమంతా పంచుకున్నాయి. గుండ్రటివి కిందికి, ఎడమకు పోయాయి. బల్లపరుపు తలవి కొంచెం మేలు, చాటంత చోటులో పడ్డాయి. తాంబాళం కూడా చాటంతే కదా అనుకోవచ్చు, కానీ అది సగం దూరం లెక్క. పూర్తి దూరానికి ఆ చాట మంచమంత అవుతుంది.

నాలో ఉన్న క్వాలిటీ చెకింగ్ మనిషి అప్పుడు పూర్తిగా లేచింది. ఒక్కో గుండును వేలితో గొట్టంలో పెట్టి చూస్తే కొన్ని వదులుగా జారుతున్నాయి, కొన్ని బిగుతుగా కూర్చుంటున్నాయి. వాటిని వేరు చేశాను. గాజు పలక మీద దొర్లించి, వంకరగా పోయేవి తీసేశాను. సీసం పొడి పోవడానికి సబ్బు నీళ్ళలో కడిగి ఎండబెట్టాను. మా అమ్మ వచ్చి, వడియాలేమో అనుకుని చూసి, తిరిగి వెళ్ళింది.

కడిగిన గుండ్లకు కొంచెం నూనె తగిలితే మంచిదని ఎక్కడో విన్నాను. కుట్టుమిషను నూనె కనిపించక వెతుకుతుంటే అవ్వ కొబ్బరినూనె సీసా తెచ్చి, తలకు పెట్టినట్టే ధారాళంగా పెట్టింది. దాంతో కొట్టేసరికి తుపాకి టపాకాయలా పేలి, మూతి నుంచి పొగ వచ్చి, కాలిన కొబ్బరి వాసన మంచె నిండా కమ్ముకుంది. లోపల గాలి వేడికి నూనె అంటుకుందన్నమాట. నేను అదిరిపోయి తుపాకి కింద పెట్టేశాను. అవ్వకు మాత్రం అది బాగా నచ్చింది.

"ఇదే బాగుండాది మే. తాంబాళం లేకున్నా చిలకలు ఊరు ఇడిసిపోతాయి" అంది.

తుపాకి కూడా ఊరు విడిచిపోతుంది అవ్వా అని చెప్పి, గుండ్లన్నీ మళ్ళీ కడిగాను.

ఆ తరువాత ధర్మవరం. మా చిన్నమ్మను అక్కడే ఇచ్చారు. చిన్నాయన పట్టుచీరలు నేస్తాడు. వాళ్ళింట్లో జరీ తూచే చిన్న త్రాసు ఉంది, అద్దాల పెట్టెలో పెట్టింది, చీమ ఎక్కినా ముల్లు కదిలే రకం. దాని మీద గుండ్లు తూస్తానంటే చిన్నాయన మగ్గం గుంటలో నుంచి తల పైకెత్తి నన్ను ఒక నిమిషం చూశాడు. తరువాత మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని, నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"జరీ ఇంత నిక్కచ్చిగా తూసింటే నాకు ఎప్పుడో పేరొచ్చి ఉండు" అన్నాడు. "ఇయ్యి చూడు, ఒకే డబ్బాలోవి, దేని బరువు దానిదే. పైకి అన్నీ కవలపిల్లల మాదిరి ఉండాయి."

సాయంత్రం దాకా ఇద్దరమూ తూచాము. బరువువి, మధ్యరకం, తేలికవి అని చిన్నమ్మ పాత గాజుల డబ్బాలు మూడింటిలో పోశాము. చిన్నమ్మ అటూ ఇటూ తిరుగుతూ "మొగుడు మగ్గం ఆపినాడంటే ఏదో పెళ్ళి చీర ఆర్డరు అనుకుంటారు బయటోళ్ళు" అని దెప్పుతూనే ఉంది, మధ్యలో బొరుగులు కలిపి పెడుతూనే ఉంది. చిన్నాయన తిరిగి మగ్గంలోకి దిగుతూ, చిలకల సంగతి తనకు ఫోన్ చేసి చెప్పకపోతే ఊరుకోనన్నాడు. ఇంత ఆనందంగా గడిచిన సెలవు రోజు నాకు ఈ మధ్య ఇంకోటి లేదు.

తూచిన గుండ్లతో కొడితే కొంచెం మెరుగైంది. కొంచెమే. పూర్తి దూరానికి తాంబాళం ఎప్పుడో ఒకసారి మోగేది, అది కూడా అంచుకు తగిలి టక్కున. ఈలోపు జొన్న మనిషెత్తు దాటింది, పొట్ట విప్పి కంకులు బయటికి వచ్చాయి. గట్టు మీద అక్కడొకటి ఇక్కడొకటి చిలకలు వచ్చి చూసి పోతున్నాయి. నాయన మల్బరీ ఆకు కోసుకుని వస్తూ మంచె దగ్గర ఆగి, నన్ను చూసి, తాంబాళాన్ని చూసి, "డ్రమ్ము కడిగి పెట్టమంటావా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అవ్వ మాత్రం రోజూ చేను చుట్టూ ఒకసారి తిరిగి, కంకులను చేత్తో నిమిరి వచ్చేది.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు మా ఇంట్లో అవ్వదే పెత్తనం. కొడవళ్ళు, పారలు, మల్బరీ కోసే కత్తులు, నాయన మోటారుసైకిలు, నా ఫ్యాక్టరీ బూట్లు కూడా ముంగిట్లో వరుసగా చేరాయి. ఆ వరుసలో తుపాకిని కూడా పెట్టింది.

"నీళ్ళు పోయొద్దవ్వా, తుప్పు పడుతుంది" అని అరిచాను లోపలి నుంచి.

"పోయనులే. మూతి కడుగుతాండా" అంది.

బయటికి వచ్చి చూస్తే, వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసి, తడిగుడ్డతో నానబెట్టి, తుపాకి మూతిని పళ్ళు తోమినట్టు తోముతోంది. మామ ఏళ్ళ తరబడి పెట్టిన బొట్టు అది.

"అది పూజ చేసిన బొట్టవ్వా. తుడుస్తారా?"

"పాత బొట్టు మింద కొత్త బొట్టు పెట్టేది యాడి పద్ధతి? ముఖం కడుక్కోకుండా బొట్టు పెట్టుకుంటామా మనం?" అని ఆమె పుల్లను ఇంకా లోపలికి పెట్టి తిప్పింది. చింతగింజ పొట్టులాంటి ఎర్రటి పెళ్ళలు ఊడి పళ్ళెంలో పడ్డాయి. ఒక పొర కింద ఇంకో పొర, గంధం, కుంకుమ, విభూతి, ఊదొత్తి మసి, అన్నీ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. "మీ మామ దీనికి అన్నం కూడా పెట్టినట్లుండాడు" అంది అవ్వ. పొడిగుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి, కుంకుమ భరిణె తీసింది. కొత్త బొట్టు మూతికి పెట్టలేదు. భుజానికి ఆనించే కట్టె మీద పెట్టింది.

"నొసట పెట్టల్ల గానీ నోట్లో పెట్టేదేంది" అని నిమ్మకాయ కోసి పక్కకు జరిగింది. నేను దండం పెట్టుకుని పెసరపప్పు పాయసం తిన్నాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

మరునాడు సెలవు. పొద్దున్నే గుంపుగా చిలకలు వచ్చాయి, గట్టు పక్క కంకులన్నీ పచ్చగా కదిలాయి. నేను మంచె ఎక్కి, మధ్యరకం గాజుల డబ్బాలో నుంచి బల్లపరుపు తల గుండు ఒకటి తీసి పెట్టి, తాంబాళం వైపు చూసి మీట నొక్కాను.

ఠంగ్ మని మోగింది.

గుడిగంట మోగినట్టు నిండుగా మోగింది. చిలకలన్నీ ఒక్కసారిగా లేచి, తుమ్మచెట్ల వైపు పోకుండా, కీచుకీచుమంటూ నా నెత్తి మీదుగా దాటి వెళ్ళిపోయాయి. ఇంకోటి పెట్టి కొట్టాను. మళ్ళీ ఠంగ్. చిన్నాయన త్రాసుకు మనసులోనే దండం పెట్టాను. తేలిక గుండ్లు కొట్టాను, మోగింది. బరువువి కొట్టాను, మోగింది. అనుమానం వచ్చి, డబ్బా అడుగున మిగిలిన మామ పాత గుండు ఒకటి, బూజు పట్టింది, పరికిణీ నలిగింది, పెట్టి కొట్టాను. అది కూడా పోయి తాంబాళానికే తగిలింది.

మంచె మీద కూలబడి తుపాకి మూతిని చూశాను. గుండు బయటికి వచ్చే ఆఖరి అంచున ఆ పూజ పెళ్ళ ఒక పక్క తగిలి, ప్రతి గుండునూ ఒకసారి కొంచెం, ఒకసారి ఎక్కువ పక్కకు తోసిందన్నమాట. హిందూపురం తిరిగాను, ధర్మవరంలో ఒక మగ్గం ఆపించాను, గాజు పలక మీద దొర్లించాను, సబ్బుతో కడిగాను. ఒక్క బొట్టు తుడవడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నా మీద నాకు బాగా కోపం కూడా వచ్చింది. కిందున్న అవ్వ "ఏమైందే, చీమలు కుట్టినాయా?" అని అడిగితే, నవ్వుల మధ్య చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మామకు ఫోన్ చేశాను. బొట్టు సంగతంతా చెప్పాను.

"అదేంది కోడలా" అన్నాడు. "ఎంత గట్టిగా పూజ చేస్తే ఆ జాతరలో అంత తక్కువ బెలూన్లు పగులుతాండె. నా యాపారం దేవుని దయ వల్ల నడుస్తాందని నేను అందరికీ చెప్పుకుంటి కదే."

"దేవుని దయే మామా. మూతికి అడ్డం నిలబడినాడు అంతే."

మామ అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో టీ అంగడి జనం కూడా ఎందుకో తెలియకుండానే నవ్వుతున్నట్టు వినిపించింది. ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చి, మంచె ఎక్కి, తన తుపాకి తిన్నగా కొట్టడం జన్మలో మొదటిసారి చూసుకుని పోయాడు.

అలాగని నేను గుండ్ల కోసం తిరిగిందంతా వృథా కాలేదు. మూతి శుభ్రమయ్యాక కాగితం మీద మళ్ళీ అన్నీ కొట్టి చూశాను. పౌరుషం గుండ్లు అప్పటికీ తలో దారి పట్టాయి. బల్లపరుపు తలవి, చిన్నాయన తూచిన మధ్యరకం మాత్రం నిమ్మకాయంత చోటులో గుంపుగా పడ్డాయి. అంగడి పెద్దాయన చెప్పింది నిజమే, ఈ తుపాకివి అవే. మిగతా డబ్బాలు పక్కన పెట్టేసి వాటితోనే కొట్టాను. తాంబాళం మధ్యన సొట్టలు ఒకదాని పక్కన ఒకటి పడుతూ వచ్చాయి. అవ్వ రోజూ సాయంత్రం గట్టు దాకా నడిచి పోయి వాటిని వేలితో తడిమి చూసి, తృప్తిగా తిరిగొచ్చేది.

నేను డ్యూటీకి పోయిన రోజుల్లో ఎవరు కొట్టాలన్న సమస్య ఒకటి ఉండేది. అది దానంతట అదే తీరింది. ఒకరోజు నన్ను అన్నానికి పిలవడానికి నాయన మంచె ఎక్కాడు. చిలకలు దిగాయి. "ఇట్లియ్యి, చూద్దాం" అని తుపాకి తీసుకుని కొట్టాడు, మొదటి దెబ్బకే మోగింది. ఆయన ముఖం ఆరోజు చూడాలి. ఇంకోటి అడిగాడు. తరువాత ఇంకోటి. ఆ పూట అన్నం మంచె మీదికే పంపవలసి వచ్చింది. ఆ తరువాత మల్బరీ ఆకు కోయడానికని పోయిన మనిషి కోసం ఎవరైనా వెతికితే మంచె మీదే దొరికేవాడు. పట్టుపురుగులు ఆకలికి ఎదురుచూస్తున్నాయని అమ్మ కింద నుంచి కేకలు వేసేది, ఆయనకు వినపడేది కాదు.

కోతలు అయ్యాయి. కళ్ళంలో నూర్చి, తూర్పారబట్టి, జొన్నలు ఇంటికి చేరాయి. నీలం డ్రమ్ము నట్టింట్లో పెట్టి నాయనే ఒక్కొక్క బుట్ట పోశాడు. చివరి బుట్ట పోశాక అందరమూ వంగి చూశాము. డ్రమ్ము అంచుకు జానెడు తక్కువ ఉంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే గట్టు మూల గుర్తొచ్చింది. అవ్వ ఈసారి కూడా అక్కడ కంకులు వదిలేసింది. కోస్తే ఆ జానెడూ నిండుతుంది.

"గట్టు మూలవి కోసుకొస్తా అవ్వా. ఈ ఒక్క తూరికే" అన్నాను కొడవలి తీసుకుంటూ.

"అవి మనవి కావు మే" అంది అవ్వ. గొంతు పెంచలేదు. "వాటిని అన్నాళ్ళు తరిమి, ఆఖరికి వాటి పాలు కూడా తింటామా? చేను పోతే పోనీ." ఆ మాట అనేటప్పుడు ఆమె డ్రమ్ము వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. కొడవలి నా చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించి పెట్టేసింది. నాయన బుట్ట దులిపి బయటికి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున్నే గూళ్ళ మూటలు వేసుకుని ఆయన హిందూపురం మార్కెట్టుకు పోయాడు. పోతే మల్బరీ మొక్కలు కూడా చూసుకుని వస్తాడని నాకు తెలుసు. ఆ రోజు డ్యూటీలో ఏ తలుపు సందు ఎంత ఉందో నాకు సరిగ్గా కనిపించలేదు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి నాయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. మొక్కల మూట ఎక్కడా కనిపించలేదు. నాయన జేబులోంచి గుండ్రటి రేకు డబ్బా ఒకటి తీసి ఆమె పక్కన పెట్టాడు.

బల్లపరుపు తల గుండ్లు.

"ఇదేందబ్బా?" అంది అవ్వ.

"డ్రమ్ము నిండలే కదమ్మా" అన్నాడు నాయన, తల తుడుచుకుంటూ, మా ఇద్దరి వైపూ చూడకుండా. "వచ్చే పంటకైనా నిండల్ల కదా."

అవ్వ డబ్బా మూత తీసి, గుండ్లు కొన్ని అరచేతిలో పోసుకుని, విత్తనాలు చూసినట్టు వేలితో కదిపి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఒక్కొక్కటే తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టింది.

"కొట్టేది నువ్వే కొట్టు" అంది కొడుకుతో. "మూతి మాత్రం నేనే కడుగుతా."